తాడు కొస

ఎండకాలం ఐతారాలు
నలుగురం ఒక్క బండి మీద
రాళ్లబాయికి పోతం.
వెల్దండ రోడ్డు దిగినంక
పత్తికట్టె పీకేసిన చేన్ల నడుమ
బాట సగం గుంతలు, సగం మేకలు.
ఓంకార్ ట్యాంకు మీద, అమూల్య నడుమ,
నా ఒళ్లె రొట్టెల మూట,
మూట మీద ఖాళీ పల్లినూనె డబ్బా,
ఐదు లీటర్లది,
మూత బిగ్గరగ తిప్పి మైనం పోసింది.

నాకు ఈత రాదు.
మా తల్లిగారి ఊర్ల
బిందె లేకుండ బాయికాడికి పోయే ఆడదాన్ని
ఊరంత ఉరికొచ్చి పట్టుకునేది.
వాళ్ల నాయిన మాత్రం
"బాయిల పడితె తేలాలె గద బిడ్డ" అన్నడు.
అంతే. పెద్ద మాటలేం చెప్పలే.

మొదటేడు
వీపుకు డబ్బా, నడుముకు తాడు,
తాడు కొస నా చేతిల.
ఏడో మెట్టు నా జాగ.
అక్కడికెల్లి చూస్తె నీళ్లు నల్లగ,
గోడ సందుల పావురాలు,
తుమ్మకొమ్మకు గిజిగాని గూళ్లు.
పిల్ల ఏడ్చింది.
బాయి ఆ ఏడుపును మూడుసార్లు తిప్పి
నాకే ఇచ్చింది.
గుంజిన. ఆయన తిట్టిండు.
వదిలిన. మల్ల గుంజిన.
అరచేతుల తోలు లేచి
ఆ రాత్రి కారం కలుపుతుంటె మండింది.

రెండో ఏడు కప్ప లెక్క కాళ్లు కొట్టింది.
నీరుకట్టె పాము పక్కపొంటి పోతె
నేను అమ్మో అన్న,
పిల్ల దానికి బాట ఇచ్చింది.

ఈ యేడు
ఎప్పటిసంది మొదలైందో నాకు తెల్వదు.
జడ తనే వేసుకుంటున్నది, వంకరగ.
కిరాణం చిల్లర లెక్క నాకే అప్పజెప్తున్నది.
బస్‌పాస్ ఫోటోకు కల్వకుర్తి ఒక్కతే పోయి
నవ్వని ముఖం ఒకటి తెచ్చింది.
ఇసొంటివన్ని
నేను బట్టలు మడతపెట్టేటప్పుడు,
ఫోన్ల మాట్లాడేటప్పుడు
జరిగిపోయినయి.

మొన్నటి ఐతారం
ఆయన స్టార్టర్ కాడ ఫ్యూజు చూసుకుంటున్నడు.
ఓంకార్ అంగీ విప్పి వంతుకు చూస్తున్నడు.
నేను మెట్టు మీద కూసోని
బాలమణి వదినె చీటీ పైసల గురించి
మనసుల కొట్లాడుతున్న.
చేతిల తాడున్నది.
ఉన్నదన్న యాది లేదు.

అలవాటుకు గుంజిన.
తాడు వచ్చింది.
తడిసి కూడ బరువు లేకుండ వచ్చింది.
కొసకు ముడి లేదు,
ముడి ఉన్న కాడ వంకర మాత్రం ఉన్నది.
పంపు పైపు పక్కన
డబ్బా ఒక్కటే బాతు లెక్క తిరుగుతున్నది.

మాట రాలే.
నీళ్లను చూసిన.
నీళ్లల్ల నాలుగు గూళ్లు, ఒక ముక్క ఆకాశం,
నా తలకాయ.

"అమ్మా, ఈడున్న."
అవతలి గోడకు, మోటరాయి కింద,
వేలితోని సందు పట్టుకోని
పావురం గుడ్లు లెక్కపెడ్తున్నది.

తిట్టిన. మస్తు తిట్టిన.
ముడి ఎవరు విప్పమన్నరే అన్న.
"విప్పరాకపోతె నీకు చెప్తుంటి గద" అన్నది.
దానికి జవాబు
ఇప్పటిదాక దొరకలే.

కానుగ నీడల మూట విప్పితె
జొన్నరొట్టెలు మూడు పిల్ల ఒక్కతే తిన్నది,
పుంటికూర వేలు పెట్టి నాకింది.
ఓంకార్ డబ్బా పట్టుకోని
వీపు తిప్పి నా ముందట నిలబడ్డడు.
వాని రెక్కల ఎముకలు ఇంకా పిట్టలెక్క.
రెండు ముళ్లు వేసిన.
మూడోది వెయ్యబోతుంటె
పిల్ల వచ్చి, ముడి కింద వేలు దూర్చి చూసి,
జరంత వదులు చేసింది.
"వానికి ఊపిరాడాలె గద."

తాడు కొస నా చేతికియ్యలే.
తనే పట్టుకోని
ఏడో మెట్టు మీద కూసున్నది,
కన్ను వాని మీదనే.

నాకు కూసునే జాగ లేకపాయె.
చీర కుచ్చిళ్లు దోపి
ఎనిమిది దిగిన.
తొమ్మిది.
పాదాలకు నీళ్లు తగిలినయి.
మస్తు సల్లగున్నయి.